మిద్దె మీది సముద్రం

వాన వెలిసిన పూట నంద్యాల బస్టాండులో నిలబడితే నాకు ఆయన గుర్తుకొస్తాడు. బస్సుల కింద కారిన డీజిలు గుంతల్లోని నీళ్ళ మీద తేలి, నెమలి మెడ రంగు పోసుకొని, అటూ ఇటూ కదులుతూ ఉంటుంది. ఆడవాళ్ళు కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని, మగవాళ్ళు పంచె ఎగ్గట్టుకొని దాన్ని దాటిపోతారు. ఆయన దాటేవాడు కాదు. సంచీ చంకలో ఇరికించుకొని, గుంత అంచున గొంతుక్కూర్చొని, ఆ రంగు ఏ పక్కకు పాకుతున్నదో చూసేవాడు. ఒకసారి కండక్టరు బస్సులోంచి అరిచాడు.

"ఏమప్పా, దుడ్లు పడిపోయినాయా ఆడ?"

"లేదన్నా, ఇది యాడికి పోతాందో చూస్తాండా" అన్నాడు ఈయన తల ఎత్తకుండానే.

బస్సు ఆయన్ను వదిలేసి పోయింది. నేను అదే బస్సులో ఎక్కి కూర్చొని ఉన్నాను. కిటికీలోంచి చూస్తే ఇంకా అట్లాగే కూర్చొని ఉన్నాడు.

ఆయన చనిపోయి ఏడాది కావస్తున్నది. ఆళ్ళగడ్డ నుంచి వచ్చిన ఎవరో మా ఆయన ఆటో ఎక్కి, మాటల్లో మాటగా చెప్పారట. అప్పటికే పదకొండో రోజు కూడా అయిపోయింది. చివరి చూపు దక్కలేదు. అందుకేనేమో, పోయినట్టు అనిపించదు నాకు. క్యాంపుకు పోయినట్టే ఉంటుంది.

పని మీద ఊరు పోతే క్యాంపు అనేది ఆయన మాటే. మా వీధిలో అందరికీ ఆయన "సముద్రమాయన". నేను ఇంట్లో జొన్నరొట్టెలు తట్టి అమ్ముతాను. ఆ రొట్టెల కోసమే వచ్చి, తింటూ తింటూ పైకి చూసి, మిద్దె మీది గది ఖాళీగా ఉందా అని అడిగాడు. మా ఆయన గడపలో నిలబడి పళ్ళు తోముకుంటున్నాడు.

"ఏం పని చేస్తావన్నా?" అన్నాడు.

"సముద్రానికి పటం గీస్తానప్పా."

మా ఆయన నోట్లో నురగతోనే నవ్వాడు. "నంద్యాలలో కూచోనా? సముద్రం ఈడికి ఎన్ని ఆమడలో తెలుసునా నీకు?"

"తెలుసు గనకనే ఈడ ఉంటాననేది. ఆడ గాలికి కాగితం నిలవదు, తేమకు రంగు ఆరదు. ఈడైతే పొద్దున పూసింది మధ్యానానికే ఎండుతాది. రైలు కూడా ఈడే ఉండాది గదా."

సొంత ఊరు ఆళ్ళగడ్డ. రాతి విగ్రహాలు చెక్కే ఇల్లు. చిన్నప్పుడే ఆ రాతి దుమ్ము ఆయన రొమ్ములో చేరింది. దగ్గు ఎక్కువై ఉలి వదిలేసి, గీత పట్టుకున్నాడు. నంద్యాలలో ఉండటానికి అసలు కారణం అదేనని తర్వాత తెలిసింది. అన్న ఇంట్లో ఊపిరి ఆడదు, సముద్రం దగ్గర కాగితం ఆరదు. మధ్యలో మా మిద్దె.

పని ఏమిటో నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. సముద్రంలో చమురు ఓడలు పోతుంటాయట. ఎప్పుడో ఒకనాడు ఏదో ఒకటి పగులుతుంది. చమురు ఒడ్డుకు కొట్టుకొస్తుంది. ఒడ్డంతా ఒక్కసారిగా కాపాడటం ఎవరి తరమూ కాదు. కాబట్టి తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక ఎక్కడ, ఉప్పు మళ్ళు ఎక్కడ, పడవలు ఆగే రేవు ఎక్కడ, పీతలు బతికే మడ అడవి ఎక్కడ అని ఒడ్డు పొడుగునా నడిచి, ఏ చోటికి ముందు పరిగెత్తాలో గీసి పెట్టుకోవాలి. ఇల్లు అంటుకుంటే ముందు దేన్ని బయటికి లాగాలో చల్లగా ఉన్నప్పుడే అనుకొని పెట్టుకున్నట్టు. నలుగురు కలిసి నడిచేవాళ్ళట, తలా ఒక తునక. కంప్యూటరులోకి ఎక్కించేవాళ్ళు వేరే ఉన్నారు. ఈయన కాగితం మీద ఏ రంగు పెడితే వాళ్ళు అదే రంగు ఎక్కిస్తారు.

ఆ కాగితాలు గది నిండా పరిచేవాడు. గాలికి లేవకుండా నాపరాతి ముక్కలు బరువు పెట్టేవాడు. చీపురు లోపలికి రానిచ్చేవాడు కాదు. రొట్టెలు తీసుకొని పైకి పోతే వాకిట్లోనే ఆపేసేవాడు.

"అక్కా, ఆడ అడుగు పెట్టొద్దు. పడవలుండాయి."

"ఐతే రొట్టెలు యాడ పెట్టాల సారూ?"

"ఆ ఇసుకలో పెట్టు. ఆడేమీ లేదు."

నాకంటే పెద్దవాడే, అయినా అక్కా అనేవాడు. సముద్రం మీదుగా చెయ్యి చాచి గిన్నె అందుకునేవాడు. పడుకోవడానికి మాత్రం గోడ వారన చాపంత చోటు ఉంచుకున్నాడు. అంతకంటే చోటు తనకు కావాలని ఏనాడూ అడగలేదు.

ఒకరోజు నా వంటింట్లోంచి గరిటెడు శనగనూనె అడిగి తీసుకున్నాడు. పెరట్లో బండ మీద కొంత, కుప్ప పోసిన ఇసుక మీద కొంత, గిన్నెలు కడిగే చోట బురదలో కొంత పోశాడు. నేను చూసి నెత్తి కొట్టుకున్నాను.

"పిచ్చి పట్టిందా సారూ? పోపుకు లేకపాయె, నేలకు పోస్తాండావే!"

"వారం ఓర్చుకో అక్కా."

వారం తర్వాత పిలిచి చూపించాడు. బండ మీది నూనె ఎండకూ తొక్కిడికీ పోయింది. ఇసుకను పైన తోసేస్తే కింద శుభ్రంగా ఉంది. బురదలో బొటనవేలు పెట్టి నొక్కితే మాత్రం పక్కనుంచి నూనె బొట్లు పైకి వచ్చాయి. "వారం గాదు, నీ మనవరాళ్ళు ఈడ గిన్నెలు కడిగేటప్పుడు కూడా వస్తాది" అన్నాడు. అందుకే పటంలో గట్టి రాతికి నీలం, ఇసుకకు పసుపు, బురదకూ మడ అడవికీ ఎరుపు. ఎర్రగా ఉన్నచోటికి ముందు పరిగెత్తాలి. ఆ తర్వాత మా ఇంట్లో ఎక్కడ ఏది ఒలికినా, ఇది నీలమా ఎరుపా అని మేమే తగాదా పడేవాళ్ళం.

ఆయనకొక పట్టుదల ఉండేది. "చూసింది రాయి, విన్నది రాయొద్దు." నడిచేవాళ్ళకు పెద్దసారు మొదటి రోజు చెప్పిన మాటట అది. ఈయన దాన్ని పటానికే కాక బతుక్కంతా పెట్టుకున్నాడు. మా ఆయన వచ్చి మహానందిలో పెద్ద వాన అంటే, "నువ్వు చూసినావా?" అనేవాడు.

"లేదన్నా, ప్యాసింజరు చెప్పినాడు."

"ఐతే వాన లేదు."

మా ఆయనకు ఒళ్ళు మండేది. "తడిసిన గొడుగు చూసినాను గదప్పా ఆయన చేతిలో!"

"ఐతే తడిసిన గొడుగు ఉంది. వాన సంగతి మనకు తెలీదు."

క్యాంపు నుంచి వచ్చినప్పుడల్లా చెప్పులు విడవకముందే ఒక ప్రశ్న అడిగేవాడు. "నా కోసం ఎవురన్నా వచ్చినారా అక్కా?" ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. పెళ్ళి లేదు, ఆళ్ళగడ్డ నుంచి అన్న రాడు, ఉత్తరం రాదు. "రాలేదు సారూ" అని చెప్పి చెప్పి నాకే నోరు చేదెక్కింది. ఒకసారి ఉండబట్టలేక, "ఎవరో ఒకాయన వచ్చి పోయినాడు, పేరు చెప్పలేదు" అన్నాను. రెండు రోజులు ఆయన మొహం వెలిగిపోయింది. మెట్లు దిగి వచ్చి అడిగేవాడు. ఎత్తెంత? గొంతు ఎట్లుంది? బ్యాగు ఉందా చేతిలో? మళ్ళా వస్తానన్నాడా? నేను ఒక్కొక్కటి అల్లుకుంటూ పోయాను. విన్నది నమ్మని మనిషి, ఆ ఒక్కటి మాత్రం విని నమ్మాడు. అబద్ధమని నేను చివరిదాకా చెప్పలేదు.

మూడో ఏటి వానల్లో క్యాంపు నుంచి వచ్చి, ఆ ప్రశ్న అడగలేదు. నా వంటింటి గడప మీద కూలబడ్డాడు. నీళ్ళిస్తే పక్కన పెట్టుకున్నాడు. అప్పుడు చెప్పాడు.

మొదటి ఏడు ఎండాకాలంలో ఒక తునక ఈయన ఒక్కడే నడిచాడు. అక్కడ ఒక చిన్న ఏరు సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే నోటిని వాళ్ళు మొగ అంటారట. ఈయన పోయినప్పుడు అది ఇసుకతో పూడిపోయి ఉంది. దాని మీద మోటారుసైకిళ్ళు పోయిన గాడులు కూడా ఉన్నాయి. ఇసుకే కదా అని పసుపు పెట్టాడు. పక్కన గుల్లలు ఏరుకుంటున్న ఒక ఆమె చూసి చెప్పిందట, "అయ్యా, ఇది ఇప్పుడే ఇట్టా. వానలకు తెగుద్ది." ఈయన చూడలేదు కనుక రాయలేదు.

"అది ఒక్కటే గాదక్కా" అన్నాడు. "తెగినా ఏమైతాదిలే అనుకుంటి. మన వాగో వంకో తెగితే నీళ్ళు యాడికి పోతాయి?"

"కిందికి."

"అదే. తెగినా నీళ్ళు సముద్రంలోకి పోతాయి, సముద్రంలోది లోపలికి యాడ వస్తాదిలే అనుకుంటి. మన బుద్ధి అది. మొన్న వానల్లో పోయి చూస్తే, నేను నడిచిన ఇసుక లేదు. నీళ్ళే. పొద్దెక్కేకొద్దీ సముద్రం ఎదురెక్కి వచ్చింది ఆ నోట్లోకి. లోపల దాకా పోయింది. లోపల అంతా బురదేనక్కా, మడ అడివి. ఆ ఊరు ఊరంతా దాంట్లో గుల్లలు, పీతలు ఏరుకొనే బతుకుతాంది. ఆమె నన్ను గుర్తు పట్టింది. 'నేను ఆయాల చెప్పలా అయ్యా?' అనింది."

సముద్రం లేని పక్క పుట్టినవాళ్ళం. నీళ్ళు ఎదురెక్కుతాయంటే నేను కూడా నమ్మి ఉండేదాన్ని కాదు.

ఇక ఆయనకు ఒకటే ధ్యాస. రేపు ఓడ పగిలితే పటం చూసుకొని పోతారు. పసుపు ఉంది కదా అని ఆ మొగను వదిలేస్తారు. చమురు తిన్నగా లోపలికి పోతుంది. ఆఫీసుకు రాశాడు. మళ్ళీ పటాలు దిద్దేటప్పుడు చూద్దామన్నారు. అదెప్పుడో ఎవరూ చెప్పలేదు. ఊరుకోకుండా పోయి అడిగితే, మొగ తెగి ఉన్నప్పుడు తీసిన ఫోటోలు, కొలతలు, ఊరివాళ్ళ సంతకాలు తెస్తే ఇప్పుడే మారుస్తామన్నారు. అప్పటికి మొగ పూడిపోయింది. మళ్ళీ వానలు రావాలి. ఆ ఏడంతా దగ్గుతూ వానల కోసం చూశాడు. వానలు వచ్చేసరికి మెట్లు దిగితే ఆయాసం. ఒంటరిగా పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

"మా అన్నను అడుగుతా" అన్నాడు. "నువ్వు కూడా రా అక్కా. నువ్వుంటే తిట్టడు."

ఆళ్ళగడ్డకు పోయాం. రోడ్డు పక్కన రేకుల కొట్టం, ముందు వరసగా ఇంకా కళ్ళు తెరవని విగ్రహాలు. రాతి దుమ్ము చెట్ల ఆకుల మీద కూడా తెల్లగా ఉంది. అన్న ముక్కుకు గుడ్డ కట్టుకొని ఒక అమ్మవారి ముందు కూర్చొని ఉన్నాడు.

"ఏందిరా, తోడు తెచ్చుకున్నావు, నేను కొడతాననా?"

"లేదన్నా. నాలుగు దినాలు నాతో రావాల. సముద్రం తావుకు."

"ఎందుకు?"

"పటంలో తప్పు పడింది."

"ఎవురు చేసినారు?"

"నేనే."

అన్న సుత్తి దించి చూశాడు. "ఎవురన్నా కనిపెట్టినారా?"

"లేదు."

"ఆడ చమురు వచ్చిందా?"

"రాలేదు."

"వస్తాదా?"

"తెలీదు."

"రానిదానికి, ఎవురూ అడగనిదానికి, నీ రొమ్ములో ఊపిరి లేకుండా నువ్వు పోతావు, నీ వెనక నేను రావాల్నా? ఈ అమ్మవారు కార్తీకానికి గుడికి పోవాల. చూడు, ముక్కు ఇంకా తేల్లేదు."

ఈయన దగ్గు ఆపుకుంటూ అడిగాడు. "ముక్కు ఇరిగితే ఏం చేస్తావన్నా?"

"ఏం చేస్తారురా? పారేస్తా. ఇరిగింది గుళ్ళో పెడతారా ఎవురన్నా?"

"నేను ఇరిగింది గుళ్ళో పెట్టి వచ్చినానన్నా."

అన్న మళ్ళీ సుత్తి తీసుకున్నాడు. "అన్నం తిని పోండి" అన్నాడు రాతి వైపు తిరిగి. మేము తిన్నాం. ఆయన లేచి రాలేదు.

తిరుగు బస్సులో ఈయన కిటికీ వైపు మొహం పెట్టుకొని కూర్చున్నాడు. నేను వస్తానని చెప్పాలనుకున్నాను. నాలుగు దినాలు రొట్టెలు తట్టకపోతే నా గిరాకీలు ఇంకో ఇంటికి పోతాయి కదా అని లెక్క వేసుకున్నాను. మా ఆయన కూడా పోదామా అని రెండు రోజులు ఊగి, పండగ బేరం చూసుకొని ఆగిపోయాడు. మూడో నాడు పొద్దున్నే ఈయన సంచీ సర్దుకొని ఒక్కడే రైలుకు పోయాడు. నేను కట్టిచ్చిన రొట్టెలు మాత్రం ఆయన వెంట పోయాయి.

తొమ్మిది రోజులకు వచ్చాడు. జ్వరం. ఒంటి మీద చొక్కా లేదు, బనీను మీదే ఉన్నాడు. చొక్కాను కాగితాలకు చుట్టాడు. వాటిలో ఒక్కటీ తడవలేదు. చివరి కాగితం మీద వరసగా వేలిముద్రలు, బురద చేతులవి. "అందరూ ఏసినారక్కా" అని అదొక్కటే అని, చాప మీద పడుకున్నాడు. వారం లేవలేదు. జావ తాగించడానికి పోతే, సముద్రాన్ని నేనే పక్కకు జరిపి లోపలికి పోవలసి వచ్చింది. ఆయన ఆపలేదు.

కాగితాలు ఆఫీసుకు పంపించాడు. కొత్త పటం రావడానికి ఎండాకాలం అయింది. ఆ రోజు మెట్ల మీద నుంచే కేక వేశాడు. "అక్కా, వచ్చింది! అందర్నీ పిలువు!" నేను చెయ్యి తుడుచుకొని వీధిలోకి పోయి పిలిచాను. ఎవరికి తీరిక? ఒకరు బట్టలారేస్తున్నారు, ఒకరు సీరియల్ చూస్తున్నారు. "సముద్రమాయన పటమా? తర్వాత చూస్తాంలే" అన్నారు. మా ఆయన ఆటోలో ఉన్నాడు. నేనొక్కదాన్నే పైకి పోయాను.

గదిలో మిగతా కాగితాలన్నీ తీసేసి, ఒక్కదాన్నే నడుమ పరిచాడు. నలుగురు కూర్చోవడానికని చుట్టూ చోటు చేశాడు. నేను వంగి వెతికాను. నీలం, పసుపు, పసుపు, పసుపు. ఎరుపు కనిపించలేదు. ఆయన పెన్సిల్ మొనతో చూపించాడు. కందిపప్పు బద్దంత ఉంది. పక్కన మొగ ఏ నెల నుంచి ఏ నెల దాకా తెగి ఉంటుందో చిన్న అక్షరాల్లో రాసి ఉంది.

"ఇంతేనా సారూ?" అన్నాను.

అనకూడని మాట. దాని కోసం ఆయన ఎంత నడిచాడో తెలిసిన దాన్ని నేనొక్కదాన్నే. ఆ నోటితోనే అన్నాను.

ఆయన కొంచెంసేపు దాన్నే చూశాడు. "ఇంతేనక్కా" అన్నాడు. నవ్వాడు కూడా. పటం మడతపెట్టి, నేను తెచ్చిన రొట్టె తిన్నాడు. బాగుందన్నాడు.

ఇంకో రెండేళ్ళు ఉన్నాడు మా మిద్దె మీద. పని తగ్గింది, దగ్గు పెరిగింది. పటం మీద రాసిన నెలలు సరైనవో కాదో ఆయనకు నమ్మకం కుదరలేదు. గుల్లలు ఏరుకునే ఆ ఆమెకు నా ఫోను నంబరు ఇచ్చి వచ్చాడట. మొగ తెగిన నాడు ఒకసారి, పూడిన నాడు ఒకసారి ఫోను చెయ్యమని. ఆమె చేసేది. "తెగింది అమ్మా, సారుకు చెప్పు." నేను కింది నుంచి కేక వేసేదాన్ని. ఆయన తారీఖు రాసుకునేవాడు. ఒకరోజు నేనే అడిగాను. "చూసింది గదా రాయాల సారూ, ఇది విన్నది గదా?"

"ఆమె చూసింది" అన్నాడు.

చివరికి అన్న వచ్చి తీసుకుపోయాడు. వచ్చినవాడు మా గడప తొక్కలేదు. ఆటోలోనే కూర్చొని, "వాడిని దించండి" అన్నాడు. ఈయన మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. దగ్గుకు పడని ఇంటికే మళ్ళీ పోతున్నాడని నాకూ, ఆ అన్నదమ్ములిద్దరికీ తెలుసు. ఇంకెక్కడికి పోతాడు? ఆటో కదిలేటప్పుడు తల బయటపెట్టి, "ఎవురన్నా వస్తే ఆళ్ళగడ్డకు పంపక్కా" అన్నాడు. పంపుతాలే సారూ అన్నాను. ఎవరూ రాలేదు.

మొన్న వానల్లో పిండి తడుపుతుంటే ఫోను మోగింది. రెండు చేతులకూ పిండి. మోచేత్తో నొక్కి, చెవికి భుజంతో ఆనించుకున్నాను. అవతల గాలి హోరు.

"అమ్మా, నేను. తెగింది అమ్మా. ఈ ఏడు ముందే తెగింది. పొద్దున్నే తెగింది. సారుకు చెప్పు."

నేను పిండి చేత్తోనే ఫోను పట్టుకున్నాను.

"సారు ఉండాడా?"

"ఆళ్ళగడ్డలో ఉండాడమ్మా" అన్నాను.

"అట్నా. నీళ్ళు బాగా ఎక్కతన్నాయి, లోపల దాకా పోతన్నాయి. ఒకసారొచ్చి చూసి పొమ్మను. మేం అందరం అడిగినామని చెప్పు. రాసుకున్నావా అమ్మా?"

"రాసుకున్నా" అన్నాను.

ఆమె పెట్టేసింది. చేతులు కడుక్కొని ఇల్లంతా వెతికితే పెన్సిల్ దొరకలేదు. మిద్దె మీద కొత్తగా దిగినవాళ్ళను అడిగి తెచ్చుకున్నాను. గోడ మీది క్యాలెండరులో ఆ రోజు గడిలో, నాకు వచ్చినట్టుగా, తెగింది అని రాశాను. ఆ కాగితం ఎవరికి ఇవ్వాలో తెలియదు. నెల మారినా చించలేదు.